మూడు చిన్న రంధ్రాలు

దుప్పటి పిండుతుంటే పొట్టలో ఏదో జారినట్టయింది. చూసుకుంటే పాత కుట్ల పక్కన కోడిగుడ్డంత ఉబ్బు. ఆ కుట్లు ఆమెకు కాలేయం మార్చినప్పటివి. ఎవరో చనిపోతూ ఇచ్చిన కాలేయం. రెండేళ్లుగా కొత్త చుట్టాన్ని చూసుకున్నట్టు చూసుకుంటోంది. అదే బయటికి వచ్చేస్తోందేమోనని ఆ ఉబ్బును అరచేత్తో అదిమిపట్టుకుంది.

"లివర్ కాదమ్మా, పేగు," అన్నాడు సర్జన్ మర్నాడు. "కుట్ల దగ్గర కండ వదులై తోసుకొచ్చింది. హెర్నియా. మళ్లీ పెద్దగా కొయ్యక్కర్లేదు. మూడు చిన్న రంధ్రాలు పెట్టి, కెమెరాలో చూస్తూ లోపల ఆ వదులు చోటికి అడ్డంగా వల కుట్టేస్తాం. పేగులు పాత గాయానికి అతుక్కుపోయుంటే మాత్రం కొయ్యాల్సి రావచ్చు. కొత్త లివర్ కోసం మీరు వాడే మందుల వల్ల గాయం త్వరగా మానదు, చీము పట్టొచ్చు. ఆరు వారాలు బరువులెత్తకూడదు."

ఆమె చీము అన్న మాట దగ్గరే ఆగిపోయింది. పక్కన కూర్చున్న భర్త చిన్న రంధ్రాల దగ్గర ఆగాడు.

"హమ్మయ్య! అయితే మూడో రోజుకల్లా ఇంట్లో తిరిగేస్తుందన్నమాట."

మూడో రోజు అన్న మాటకు ఆమెకు పాత ఆపరేషన్ గుర్తొచ్చింది. కిందటిసారి పొట్టంతా అడ్డంగా కోసిన గాయం చూసి అత్తగారే జడుసుకుంది, నెల రోజులు మంచం దిగనివ్వలేదు. ముప్పై ఒకటో రోజు మాత్రం, "ఎన్నాళ్లని పడుకుంటావమ్మా, ఒళ్లు పట్టేస్తుంది," అంది. ఆ పూటే ఆమె నీళ్ల బకెట్ ఎత్తింది. అంత గాయానికి నెల ఇచ్చిన ఇల్లు మూడు రంధ్రాలకు ఎన్ని రోజులిస్తుంది? బట్ట కప్పితే అవి కనిపించనైనా కనిపించవు. కనిపించని నొప్పిని ఆ ఇంట్లో ఎవరు నమ్మారు గనక! "అలసటట, అలసట," అని భర్త నవ్విన ఆర్నెల్లకే కదా, తన కళ్లు పచ్చబడి కాలేయం చెడిందని తేలింది. ఆపరేషన్ బల్ల మీద కాదు, వంటగదిలో పోతానేమోనని ఆమెకు భయమేసింది.

"ఇంట్లో చూసుకోడానికి ఎవరున్నారు?" సర్జన్ రాసుకుంటూ అడిగాడు.

"అందరం ఉన్నాం సార్. అమ్మ ఉంది, నేనున్నాను, పిల్లలిద్దరూ పెద్దవాళ్లే," అన్నాడు భర్త.

ఆమె సర్జన్ వైపు తిరిగింది.

"ఎవరూ లేరు డాక్టర్‌గారూ."

"అదేంటే, అలా అంటావు?"

ఆమె భర్త వైపు చూడలేదు. చూస్తే మాట ఆగిపోతుందని తెలుసు.

"ఆరు వారాలూ మా అక్కయ్య దగ్గరుంటాను. అక్కడి చిరునామా చెబుతాను, రాసుకోండి. ఇంట్లో నన్ను చూసుకునేవాళ్లు లేరండీ, నేను చూసుకోవాల్సినవాళ్లే నలుగురున్నారు."