పళ్ళాయన స్పీకర్లు

ఆయన కట్టుడు పళ్ళు చేసేవాడు. వీధిలో అందరికీ పళ్ళాయనే. దంతవైద్యులు పంపే అచ్చులు ముందేసుకుని, చేతిలో ఇమిడే చిన్న మోటారుతో ఒక్కో పన్నూ అరగదీసి నునుపు చెయ్యడం ఆయన పని. పందొమ్మిదేళ్లుగా ఆ మోటారు ఆయన చెవి పక్కనే కీచుమంటోంది.

ఇంటికొచ్చాక ఆయనకు ఒకటే లోకం. ముందుగదిలో నిలువెత్తు స్పీకర్లు రెండు, వాటి మధ్య యాంప్లిఫయర్, రికార్డు ప్లేయరు, ఎదురుగా ఒకే ఒక్క కుర్చీ. సోఫా ధ్వనిని మింగేస్తోందని దాన్ని ఏనాడో గెంటేశాడు. ఆ సెట్టు కోసం ఎనిమిదేళ్లు ఆదివారాలు కూడా పని చేశాడు. అది బిగించిన రోజున, గాయని పాట ఎత్తుకునే ముందు పీల్చిన ఊపిరి సైతం వినిపించింది.

“ఏమేవ్, ఇలా రా! ఆవిడ ఇక్కడే కూర్చుని పాడుతున్నట్టు లేదూ?”

భార్య తడిచేతులతోనే వచ్చి గుమ్మంలో నిలబడింది. పాట అయ్యేదాకా కదల్లేదు. సోఫా మాట ఆవిడ మళ్ళీ ఎన్నడూ ఎత్తలేదు.

ఏడేళ్లు అలా గడిచాయి. తర్వాత పాటలో ఏదో తగ్గడం మొదలైంది. ముందు ఆ ఊపిరి పోయింది. తర్వాత తాళాల గలగల మొద్దుబారింది. రికార్డు అరిగిందేమోనని కొత్తది తెచ్చాడు. సూది మార్చాడు. “వైరు మారిస్తే తెర తీసినట్టుంటుంది సార్” అని దుకాణదారు అంటే, నెల జీతం పోసి చూపుడువేలంత లావు వైరు కొన్నాడు. తెర తొలగలేదు. చివరికి యాంప్లిఫయరే మార్చాడు.

మర్నాడు భార్య బీరువా ముందు కొయ్యబారిపోయింది. పరాయి దుకాణంలో కూలికి జాకెట్లు కుట్టే మనిషి ఆవిడ. సొంతంగా రెండు మిషన్లు పెట్టుకోవాలని ఆరేళ్లుగా కూడబెట్టింది.

“డబ్బేదండీ?”

“రెణ్ణెల్లలో పెట్టేస్తాను. ఈ యాంప్లిఫయర్‌తో తేలిపోతుంది, చూడు.”

“ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది మీ వరస! లోపం దాంట్లోనే ఉందని మీకెవరు చెప్పారు?”

ఆవిడ తిట్టడానికే అన్నది. ఆయన మాత్రం తన మాటే నెగ్గాలని ఆ ఆదివారమే దుకాణదారుని ఇంటికి పిలిపించాడు. అతను కుర్చీలో కూర్చుని కళ్ళు మూసుకున్నాడు. పాట సాగేకొద్దీ అతని మొహం విప్పారింది.

“అమృతం సార్!”

“తాళాలు వినిపిస్తున్నాయా?”

“గుచ్చుకుంటున్నాయి సార్.”

“అబద్ధాలాడకు! చచ్చు సరుకు అంటగట్టి...”

గుమ్మంలో నిలబడిన పన్నెండేళ్ల కూతురు మెల్లగా అంది: “మోగుతున్నాయి నాన్నా. ఎప్పుడూ మోగుతూనే ఉన్నాయి.”

“మరి ఇన్నాళ్లూ చెప్పలేదేం?”

“నీకూ వినిపిస్తున్నాయనుకున్నా.”

చెవుల డాక్టరు పరీక్ష చేసి కాగితం చూపించాడు. దాని మీది గీత సగందాకా తిన్నగా వచ్చి, అక్కణ్ణుంచి గోతిలో పడ్డట్టు దిగిపోయింది. “పై స్వరాలు పోయాయి. మీ మోటారే తినేసింది. ఇక తిరిగి రావు” అన్నాడు. చెవికి మిషను పెట్టుకుంటే మాటలు తెలుస్తాయట. పాట మాత్రం మునుపటిలా ఉండదట.

ఆ సాయంత్రం ఆయన సెట్టు ధ్వని పూర్తిగా పెంచి, స్పీకరు గుడ్డకు చెవి ఆనించి మోకాళ్ల మీద కూలబడ్డాడు. గోడలు అదిరాయి. పక్కింటివాళ్లు తలుపు బాదారు. ఆయన మాత్రం ఇంకా ఏదో అందుతుందేమోనని చెంపను గుడ్డకు అదుముకుంటూనే ఉన్నాడు. భార్య వచ్చి మీట నొక్కింది.

“నీ నోరు కొట్టి దీనికి పోశానే” అని వెక్కివెక్కి ఏడ్చాడు.

ఆవిడ ఓదార్చలేదు. “నోరారా తిడదామంటే సగం వినపడి చావదు మీకు” అని, తనూ నేల మీద కూలబడి కొంగు నోట్లో కుక్కుకుంది.

సెట్టును దుకాణదారే తిరిగి తీసుకున్నాడు, కొన్నదాంట్లో మూడోవంతుకి. కూలీలు స్పీకర్లు దించుతుంటే పళ్ళాయన గోడవైపు తిరిగి నిలబడ్డాడు. వాళ్లు వెళ్లాక భార్య నోట్లు లెక్కపెట్టింది.

“ఒక్క మిషనే వస్తుంది. చెవిదా, కుట్టేదా?”

“కుట్టు మిషనే.”

“రేపు పిల్ల రోడ్డు మీంచి పిలిస్తే వినపడొద్దా మీకు?”

“నీ డబ్బే, నీదే ముందు.”

ఆవిడ కాదనలేదు. వారం తిరిగేసరికి ముందుగదిలో మిషను దిగింది. ఆయన పనిలో చెవులకు దూది పెట్టుకోవడం మొదలుపెట్టాడు. దొంగలు పడ్డ ఆర్నెల్లకి కుక్కలు మొరిగినట్టని తనే అనుకున్నాడు. సాయంత్రాలు ఏం చెయ్యాలో తోచక ఆవిడ పక్కన చతికిలబడేవాడు.

“బాగా నడుస్తోందా? చప్పుడులో ఏమైనా తేడా ఉందా?” అని అడిగాడొక రోజు.

ఆవిడ ఆయన మొహంలోకి వంగి, గొంతు పెంచి చెప్పింది: “ఉంటే నేను చెప్తాగా! మీరు ఈ గుండీలు కుట్టండి.”

ఆయన సూదిలో దారం ఎక్కించుకున్నాడు.