యోగానంద సార్ మాటలు

ధనంజయ చదరంగం ఆడే ప్రోగ్రాం రాస్తాడని వడమాలపేటలో అందరికీ తెలుసు. అది ఎందుకు పనికొస్తుందో మాత్రం ఎవరికీ తెలియదు. తిరుపతిలో అలాంటి ప్రోగ్రాములు చేసి అమ్మే కంపెనీ ఒకటి పెట్టారని విన్న రోజు అతని కాళ్ళు నేల మీద నిలవలేదు. ఏళ్ళ తరబడి రాసిందంతా పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ఉద్యోగం అడగడానికి వెళ్ళాడు.

అక్కడ పరీక్షించేది లోకేశ్వరి. చిత్తూరమ్మాయి, అతని కంటే చాలా చిన్నది.

"మార్పు చేసినాక బలం పెరిగిందో లేదో ఎట్ల తెలుసుకుంటారన్నా?" అని అడిగింది.

"ఒక ఆట ఆడించేవాణ్ణి. యోగానంద సారు చూసి, బాగుండాది అంటే ఉంచేసేవాణ్ణి."

యోగానంద సార్ అతనికి చదరంగం నేర్పిన మాస్టారు. ప్రతి ఆదివారం ఒక మాట చెప్పేవాడు. గుర్రాన్ని అంచుకు పంపొద్దు, రాజు ముందున్న బంట్లను కదపొద్దు. ధనంజయ ఇంటికొచ్చి ఆ మాటను ప్రోగ్రాంలోకి ఎక్కించేవాడు. సార్ పోయాక అందులో ఒక్క అక్షరం ముట్టుకోలేదు. గురువు మాట కొట్టేయడానికి ఎవరికి చేతులొస్తాయి? మన భక్తి కంప్యూటర్‌ను కూడా వదల్లేదు.

"మేము ఒక్కో మార్పుకూ పాతదానితో వేల ఆటలు ఆడిస్తామన్నా. గెలిస్తే ఉంటాది, లేకుంటే తీసేస్తాము. ఎవరు చెప్పిందైనా సరే," అంది లోకేశ్వరి. "పెన్‌డ్రైవ్ ఇచ్చిపోండి, రెండు రోజులాగి రాండి."

ఆ రెండు రోజులూ అతనికి అన్నం సహించలేదు. తిరిగి వెళ్ళేసరికి ఆమె సార్ మాటల్ని ఒక్కొక్కటే తీసి చూసేసి ఉంది. తీసిన ప్రతిసారీ ప్రోగ్రాం బలం పెరిగింది. అన్ని మాటలూ గుర్తుపెట్టుకుని ఆలోచించడంలోనే దాని సమయమంతా పోతోంది.

"ఒక్కటైనా పనికొచ్చేది లేదామ్మా?"

"లేదన్నా." ఆమె గొంతు తగ్గించింది. "మీరు మొట్టమొదట రాసిండేది ఉండాది సూడండి, సారు మాటలేమీ లేనిది. అదే ఇప్పటిదాన్ని ఓడిస్తా ఉండాది."

ధనంజయకు ఏడుపొచ్చింది. సార్ మీద కోపమొచ్చింది, కోపమొచ్చినందుకు సిగ్గేసింది. ఇన్నేళ్ళూ తను కష్టపడింది ఉన్నదాన్ని పాడుచేయడానికే.

"మొదటిది బాగా రాసినారన్నా. దాన్ని చూసే మా కంపెనీవాళ్ళు మిమ్మల్ని తీసుకుందామన్నారు. చేరతారా?"

ఈ మాట కోసమే ఇన్నాళ్ళూ బతికాడు. పెన్‌డ్రైవ్ తీసి జేబులో పెట్టుకున్నాడు.

"అది రాసినప్పుడు నాకు పావులు ఎట్ల కదులుతాయో తప్ప ఆటే రాదమ్మా," అన్నాడు. "ఇప్పుడు నాకేమొచ్చునని చేరేది?"