ఎర్ర పెన్సిలు సున్నాలు

కార్ఖానా బస్తీలోని లైబ్రరీలో కాలేజీ పిల్లల పద్యాల పోటీకి పదకొండేళ్లుగా పద్మనాభం మాస్టారే న్యాయనిర్ణేత. ప్రతి పాదంలో రెండో అక్షరానికి ఎర్ర పెన్సిలుతో సున్నా చుడతారు. అవి కలిస్తే ప్రాస ఉన్నట్టు, లేకపోతే అడ్డంగా కొట్టేయడమే. పిల్లలు పైకి చదివాక తన తీర్పు మైకులో వినిపిస్తారు. పోయినేడాది "నీకు శబ్దం తెలీదు" అన్న తీర్పు విని, శ్రీలేఖ కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయింది.

రెండేళ్లుగా మాస్టారికే చెవులు సరిగ్గా వినిపించడం లేదని మాత్రం ఎవరికీ తెలీదు. కొన్న చెవి మిషను చొక్కా జేబు దాటి బయటికి రాలేదు. ప్రాసలు చెప్పేవాడికి చెవుడంటే జనం నవ్వరూ?

ఈసారి అల్వాల్ నుంచి వచ్చిన నాగజ్యోతి వేదికెక్కింది. ఆమె కాగితం మీద మాస్టారి తీర్పు ముందే సిద్ధంగా ఉంది: "శబ్దం వినడం రాదు. వచనం రాసుకో."

"కటకట మోగే కుట్టుమిషనా,
ఊరోళ్ల బట్టలు పొద్దంత కుట్టితివి,
అమ్మ చీరకు ఒక్క కుట్టెయ్యవా?"

వేదిక మీదే ఓ పక్కన కూర్చున్న ఆయనకు కదిలే పెదవులే కనిపించాయి. కానీ ఆ పిల్ల కాలితో వేస్తున్న తాళానికి చెక్క వేదిక తన చెప్పుల కింద అదిరింది. తలెత్తి చూస్తే, ముందు వరుసల్లో కాళ్లన్నీ మిషను తొక్కుతున్నట్టు ఒక్కసారే పడుతున్నాయి. గాభరాగా కాగితంలోకి చూశారు. కటకట, కుట్టు, బట్ట, మళ్లీ కుట్టు. 'ట' అక్షరం పద్యం పొడుగునా మోగుతూనే ఉంది. అనుప్రాసను ఎలా పట్టుకోవాలో ముప్పై ఏళ్లు పాఠం చెప్పిన మనిషి, తన సున్నాల పక్కనే ఉన్నదాన్ని చూడలేదు. సిగ్గుతో ముఖం కాలిపోయింది.

నిర్వాహకుడు సత్యదేవ్ మైకు చేతికిచ్చాడు.

మాస్టారు తీర్పు చదవలేదు. జేబులోంచి చెవి మిషను తీసి, అందరి ముందే చెవికి పెట్టుకున్నారు.

"తప్పులున్నయా సార్? జెర చెప్పుండ్రి," అంటోంది నాగజ్యోతి.

"తప్పు నాదమ్మా. రెండేళ్లుగా నాకు సరిగ్గా వినపడదు. కళ్లతో చూసి మార్కులేస్తున్నాను. నీ పద్యం నిండా శబ్దమే. ఇంకోసారి చదువు తల్లీ, వింటాను."

మూడో వరుసలో ఎవరో లేచారు. శ్రీలేఖ.

"మరి పోయినేడాది నాది, మాస్టారూ?" అంది. "ఆ రోజు నుంచి నేను మళ్లీ రాయలేదు."

ఆ మాట మాత్రం ఆయనకు స్పష్టంగా వినపడింది.