గుండీల పాఠం

ఆ బడిలో ఐదేళ్ల పిల్లలకు అక్షరాల కంటే ముందు వినడం నేర్పుతారు. టీచరు "మేక" అంటుంది. పిల్లలు దాన్ని సాగదీసి పలుకుతూ, వినిపించిన ఒక్కో ధ్వనికీ ఒక గుండీని ముందుకు జరపాలి. మ్, ఏ, క్, అ. జరిపిన గుండీల కంటే జేబుల్లో ఇంటికి పోయినవే ఎక్కువ. పోతే పోయాయిలే, అవన్నీ ఆమె భర్త దర్జీ దుకాణంలో మిగిలినవే.

ఆ దర్జీకి చలికాలంలో పక్షవాతం వచ్చింది. కాలూ చెయ్యీ దారికొచ్చాయి గానీ మాట రాలేదు. అన్నీ అర్థమవుతాయి. నోరు తెరిస్తే మాత్రం "ఆ... ఆ..." అంతే. ఒకప్పుడు ఆయన నోటికి అడ్డూ ఆపూ ఉండేది కాదు. ఆమె గుమ్మం ఎక్కకముందే "పంతులమ్మా, ఇవాళ ఎవరి చెవి మెలేశావు?" అని మొదలుపెట్టేవాడు. ఊరంతా ఆమెను టీచరంటుంది. పంతులమ్మా అనేది ఆయనొక్కడే. ఆ పిలుపు మళ్లీ ఒక్కసారి చెవిన పడితే చాలని ఆమె ప్రాణం కొట్టుకుపోయేది.

అందుకే రోజూ సాయంత్రం చెప్పులైనా సరిగ్గా విప్పకుండా బల్ల మీద గుండీలు పరిచేది.

"పెదాలు మూసి తెరవండి. ప్... అ... ఆఁ, శభాష్! మా బంగారుకొండే!"

ఆ మాట బడిలోంచి జారిపడిందని ఆమెకు తెలియనే లేదు. ఆయన మొహం మాడిపోయింది. బల్లను ఒక్క తోపు తోశాడు. గుండీలు గదంతా చెల్లాచెదురయ్యాయి.

"నా కోసం చేస్తున్నానా ఇదంతా?" అని అరిచింది ఆమె.

అరిచాక తనకే తట్టింది. తన కోసమే చేస్తోంది మరి. ఆయనకు జబ్బు చేసిన దగ్గర్నుంచీ ఇంటికొస్తే పాఠమే తప్ప, ఒక్క కబురైనా చెప్పిన పాపాన పోలేదు.

గుండీలు ఏరకుండా ఆయన పక్కనే చతికిలబడింది.

"ఇవాళ ఏమైందో తెలుసా? పిల్లి అంటే ముందు ఏం వినిపిస్తుందిరా అని అడిగితే, మా బొద్దుగాడు లేచి 'మ్యావ్' అన్నాడు. కాదురా నాయనా, బాగా విను అన్నాను. ఈసారి ఇంకా గట్టిగా 'మ్యావ్!' ఇంకేముంది, క్లాసంతా పిల్లులే. హెడ్మాస్టరు పరిగెత్తుకొచ్చారు."

ఆయన భుజాలు కదిలాయి. నవ్వు! చివర్లో దగ్గు తెప్పించే ఆ పాత నవ్వే. "ఆ... ఆ..." అంటూ ఆమె చెయ్యి పట్టి లాగాడు, తర్వాత ఏమైందో చెప్పమని.

ఆమెకు కన్నీళ్లు ఆగలేదు. ఆ పిలుపు కోసం తను ఎంత మొహం వాచిపోయిందో, ఈ కబుర్ల కోసం ఆయనా అంతే మొహం వాచి ఉన్నాడు. పంతులమ్మా అని ఆయన ఇక ఎప్పటికీ అనలేకపోవచ్చు.

"చెప్తానండీ, ఆగండి," అని కొంగుతో కళ్లు తుడుచుకుంది. "హెడ్మాస్టరు వచ్చి ఏమన్నారంటే..."