ఉప్పు బల్ల మీదే ఉంది

ఆ గురువారం మధ్యాహ్నంలోపు జుల్ఫియా మూడు కెఫేలు మారింది. మూడుచోట్లా ఐసు కాఫీ కొంది, మూడుచోట్లా సగం గ్లాసు వదిలేసి లేచింది. కొరియాలోని డేగు ఊళ్లో జూలై ఎండంటే నెత్తిన కుంపటి. బుద్ధున్నవాడెవడూ ఏసీ కిందనుంచి కదలడు. ఈ పిల్ల మాత్రం కాలుగాలిన పిల్లిలా సందులన్నీ తిరుగుతోంది.

కారణం ఒక్కటే. హారిం అక్క పలకడం లేదు. రెండు వారాలైంది. మెసేజి పెడితే చదువుతుంది, జవాబివ్వదు. క్లాసులో చివరి వరసలో కూచుంటుంది, గంట అయ్యీ కాకముందే మాయమైపోతుంది. అసలు చదవకపోయినా బాగుండేది. చదివి ఊరుకోవడం చెంపదెబ్బ కన్నా ఎక్కువ.

జుల్ఫియాది ఉజ్బెకిస్తాన్‌లో నమంగాన్. బట్టల మిల్లుల చదువుకని రెండేళ్ల కిందట ఈ ఊరొచ్చింది. వచ్చిన నెల్లాళ్లూ హాస్టల్ గదిలో ఉడికించిన గుడ్లు తిని బతికింది. ఏ గిన్నెలో పంది మాంసం ఉందో తెలియదు, అడగడానికి భాష చాలదు. అప్పుడు తన క్లాసులోనే ఉన్న హారిం, వయసులో ఏడాది పెద్దది, వచ్చి "తిన్నావా?" అంది. లేదంటే చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. ఆనాటి నుంచి ప్రతి గురువారం ఇద్దరూ ఒక కొత్త చోట తినాల్సిందే. ఒక వారం ఈమె ఎంచిన చోటు, మరో వారం ఆమె ఎంచిన చోటు. జుల్ఫియా తింటూ వాగుతుంది, హారిం ఫోను పట్టుకుని వీడియో తీస్తుంది. 'నమంగాన్ నాలుక' అని ఆ వీడియోలకు పేరు కూడా పెట్టారు.

కిందటి సారి హారిం వంతు. పెద్ద బజారు వెనక సందులో ఆరు బల్లల కొట్టుకి తీసుకెళ్లింది. తల ఎత్తకుండా, కుర్చీ అంచున కూచుని, "పిన్నీ, రెండు కొంగుక్సు" అంది. అన్నం పెట్టే ఏ ఆడమనిషినైనా ఆ ఊళ్లో పిన్నీ అనే పిలుస్తారు. అందులో వింతేమీ లేదు. రుబ్బిన సోయాగింజల చిక్కటి పాలల్లో నూడుల్స్ చల్లగా వచ్చాయి. జుల్ఫియా ఒక ముద్ద మింగి, మొహం వంకరగా పెట్టి, ఫోనుకేసి చూసి, "గోడలకి కొట్టే సున్నం దీనికన్నా రుచిగా ఉంటుంది!" అంది. ఆ రాత్రే వీడియో పెట్టేసింది. పెట్టనా అని అడిగితే హారిం "నీ ఇష్టం" అంది. జుల్ఫియా ఆ కొట్టుకి రేటింగులో ఒకే ఒక్క నక్షత్రం కూడా ఇచ్చింది.

ఆ నక్షత్రం ఉందే, దాన్ని కనిపెట్టినవాడి చేత నెల్లాళ్లు ఎంగిలి గిన్నెలు కడిగించాలి. వేలికొసతో ఒకటి గుచ్చి పోతారు. తెల్లారగట్ల నాలుగింటికి లేచి సోయాగింజలు రుబ్బిన చెయ్యి ఆ వేలికి కనపడదు. జుల్ఫియాకీ కనపడలేదు. వారం తిరక్కముందే ఆ వంకర మొహాన్ని మూడు లక్షలమంది చూశారు. ఆమె ముందు మురిసిపోయింది. ఆ తర్వాతే అక్క పలకడం లేదని గమనించింది.

నాలుగో కెఫే యూనివర్సిటీ వెనక గేటు దగ్గరది. అక్కడి ఓనరు బ్యోంగ్‌హో మాటకారి. ఆ వేళకి గల్లా వెనక స్టూలు మీద కూచుని, పార్సిల్ తెప్పించుకున్న భోజనం విప్పుతున్నాడు. గిన్నెలో అవే తెల్లటి పాలు.

"ఏమ్మా, ఒక్కదానివే వచ్చావేం? నీ కెమెరా అక్క ఏది?"

"తెలీదండీ. నామీద కోపం. ఎందుకో అదీ తెలీదు."

"కోపం వచ్చినవాళ్లకి తెలుస్తుందిలే, కంగారు పడకు," అని అతను చిన్న పొట్లం చించి, గిన్నెలో ఉప్పు పోసుకుని కలిపాడు.

"అదేంటి, ఉప్పేస్తున్నారు?"

"మరి పంచదార వెయ్యమంటావా? అది పడమటి జిల్లాలవాళ్ల పని. మా వైపు ఉప్పే."

"వండేవాళ్లే వెయ్యరా?"

అతనికి నవ్వొచ్చి పొలమారింది. "ఎవరి నాలుక వాళ్లది. నాకెంత ఉప్పు కావాలో వండేవాళ్లకేం తెలుసు? బల్ల మీద డబ్బా ఉంటుంది, ఎంత కావాలంటే అంత. బడికెళ్లని పిల్లలకి కూడా... ఓహో! ఆ సున్నం వీడియో నీదేగా! తమాషాకి చేశావనుకున్నా. నిజంగానే ఉప్పు లేకుండా తిన్నావా తల్లీ?"

జుల్ఫియా కాఫీ గ్లాసు గల్లా మీద పెట్టింది. ఫోను తీసి తన వీడియో తానే చూసింది. ఇదివరకు వందసార్లు చూసింది, ప్రతిసారీ తన మొహమే చూసుకుంది. ఈసారి బల్ల మీద చూసింది. తన మోచేతి పక్కనే ఉప్పు డబ్బా, అందులో చెంచా. తన గిన్నె మీద కీరదోసకాయ తురుము కుప్పగా ఉంది. హారిం గిన్నె మీద ఒక్క పోగు లేదు.

హారిం దోసకాయ వాసనే భరించలేదు. ఏ హోటల్లో అడుగు పెట్టినా మొదటి మాట "నాకు దోసకాయ వద్దండీ" అనే అంటుంది. ఆ రోజు అనలేదు. పిన్నీ, రెండు కొంగుక్సు. అంతే. అయినా వేయలేదు. ఎవరు చెప్పారు ఆవిడకి?

'సున్నం' అన్నచోట బొమ్మ వణికింది. ఆ ఫోను పట్టుకున్నది హారిం.

కాఫీ గ్లాసు గల్లా మీదే వదిలేసి జుల్ఫియా పరుగెత్తింది. బజారు మూడు స్టాపుల దూరం. బస్సు కోసం నిలబడే ఓపిక లేక నడిచింది.

సందులోకి తిరగ్గానే కొట్టు ముందు బారు కనబడింది. అందరూ కుర్రకారే, అందరి చేతుల్లోనూ ఫోన్లే. లోపల ఒక్కొక్కరూ ఉప్పు లేకుండా ఒక ముద్ద మింగి, మొహం వంకర పెట్టి, వీడియో తీసుకుని, మిగతాది వదిలేసి లేచిపోతున్నారు. నిండు గిన్నెలు వరసగా వెనక్కి పోతున్నాయి. ఆ గిన్నెలు తీస్తున్నది హారిం. నడుముకి అప్రాన్, చేతులకి రబ్బరు తొడుగులు, చెమటకి నుదుటికి అంటుకున్న జుట్టు.

ప్రతి బల్లకీ ఒక అట్టముక్క అతికించి ఉంది. 'ఉప్పు మీరే వేసుకోండి' అని అయిదు భాషల్లో. చివరిది ఉజ్బెక్. భాష తెలిసి రాసినట్టు లేదు, ఫోనులో చూసి ఒక్కొక్క అక్షరాన్నీ బొమ్మలా గీసినట్టుంది. ఒక అక్షరం తిరగబడింది.

మూల బల్ల దగ్గర ఒక ముసలాయన గొణుగుతున్నాడు. "నలభై ఏళ్లుగా ఇక్కడే తింటున్నా. ఇప్పుడు నాకు ఉప్పు వెయ్యడం నేర్పుతోంది ఈ అట్ట!"

"తాతా, నీకు కాదులే, తిను," అంది పొయ్యి దగ్గరున్న పిన్ని.

బారులో ఒకడు జుల్ఫియాని గుర్తుపట్టాడు. "సున్నం అక్క! అక్కా, ఒక్కసారి ఆ మొహం పెట్టవా, ఒకే ఒక్కసారి!"

"ముందు ఉప్పేసుకుని గిన్నె ఖాళీ చెయ్యి. అప్పుడు నీ మొహం నేను తీస్తా," అంది జుల్ఫియా. తర్వాత కొట్టంతా వినబడేలా, తనకొచ్చిన వంకర కొరియన్‌లోనే అరిచింది. "తప్పు ఈ కొట్టుది కాదు! ఉప్పు బల్ల మీదే ఉంది. చూడని గుడ్డిదాన్ని నేను. తినడానికైతే కూచోండి, మొహాలు పెట్టడానికైతే అద్దం కొనుక్కోండి!"

కొందరు నవ్వారు. ఇద్దరు సిగ్గుపడి ఉప్పు డబ్బా అందుకున్నారు. హారిం మాత్రం గిన్నెల దొంతర దబ్బున కింద పెట్టింది.

"అయిందా ఉపన్యాసం? ఇక వెళ్లు."

"అక్కా, ముందే చెబితే..."

"ఏం చెప్పమంటావ్?"

"ఉప్పు వేసుకోమని. ఆవిడ మీ అమ్మని."

హారిం రబ్బరు తొడుగు లాగి పారేసింది. "నీకు నచ్చితే చెబుదామనుకున్నా. బాగుంది అంటావేమో, అప్పుడు మా అమ్మే వండిందని చెప్పొచ్చని కూచున్నా. క్లాసులో ఎవరికీ తెలీదు. మా నాన్నకి ఆఫీసులో ఉద్యోగమని చెప్పుకుని తిరిగా. నోరు తెరిస్తే అమ్మా అని వచ్చేస్తుందేమోనని, ఉప్పు సంగతి కూడా చెప్పలేదు. నువ్వు సున్నమంటే, ఫోను పట్టుకుని తీస్తూనే ఉన్నా. నిన్ను తిట్టడానికి నాకు మొహమేది?"

పొయ్యి మీద నీళ్లు మరుగుతున్నాయి.

పిన్ని జల్లెడ విదిలించి, వెనక్కి తిరక్కుండానే అంది. "నువ్వు పిన్నీ అని పిలిచావు. నేను ఆఁ అని పలికాను. పలికిన నాది మాత్రం తప్పు కాదూ? దోసకాయ వెయ్యకుండా ఇచ్చి, ఆ పిల్లకి తెలుస్తుందేమోనని సాయంత్రం దాకా భయపడి చచ్చా." తర్వాత జుల్ఫియాకేసి చూసింది. "నువ్వు. అలా దారికడ్డం నిలబడకు. కూచో."

జుల్ఫియాకి కూచోబుద్ధి కాలేదు. గిన్నెలు కడుగుతానంది. నక్షత్రం ఇప్పుడే తీసేస్తానని ఫోను తీసింది.

"ఫోను లోపల పెట్టు. తిన్నాక ఎన్ని కావాలంటే అన్ని కడుగుదువు గాని. ముందు తిను."

కూచుంది. పొద్దుట్నుంచి మొదటిసారి కుర్చీకి వీపు ఆనించింది. అయినా కింద కాలు ఆడిస్తూనే ఉంది. హారిం ఆ పక్కకి రావడం లేదు. ముసలాయన బల్ల తుడుస్తోంది, తుడిచిందే మళ్లీ తుడుస్తోంది.

"అమ్మా, మూడో బల్లకి ఒకటి," అంది ఉన్నట్టుండి.

అమ్మ తల తిప్పి చూసి, "వస్తోంది," అంది.

ఆ గిన్నెని హారిమే తెచ్చింది. జుల్ఫియా ముందు పెట్టింది కానీ మొహం చూడలేదు. జుల్ఫియా ఉప్పు డబ్బా దగ్గరికి లాక్కుని, చెంచా నిండా తీసి, ఎంత వెయ్యాలో తెలియక అలాగే పట్టుకుని కూచుంది. చెంచా అంచు నుంచి కొంచెం ఉప్పు బల్ల మీద రాలింది.

"అంత కాదు," అంది హారిం. "అందులో సగం. కలుపు. రుచి చూసి, చాలకపోతే ఇంకొంచెం వేసుకో."