వరండా మెట్లు

ఈ టర్నిప్ దుంపలు ఇంకో అరగంటకైనా ఉడకవు, బొగ్గు లేదు మరి, కాగితాలా, గుప్పున అంటుకుని అంతలోనే చల్లారిపోతాయి, అయినా తన పుస్తకాల కాగితాలే కదా, పిల్లలకు పనికిరావని బడి నుంచి వెనక్కి పంపేసిన నలభై ప్రతులు, యుద్ధం ఓడినవాళ్ళ రాతలకి ఇంతకన్నా ఏం గతి, కాని ఒక్కటి దాచు ఒటీలియే, అనుకుంది తనలో తను, మొదటిది, ఆఫ్రికా పొలం కథ, రేపు పొద్దున, ఓడిన ప్రభుత్వం కోసం రాసినవాళ్ళని విచారించే సంఘం ముందు పెట్టాలి, పనిమనిషి కయెంబి గురించి రాసిన అధ్యాయం చాలు, చూడండి, నల్లవాళ్ళని ఈవిడ ఎంత ప్రేమగా చూసుకుందో అంటారు, మచ్చ పోతుంది, మళ్ళీ రాసుకోనిస్తారు, లేదంటే అరవై ఆరేళ్ళ వయసులో కూతురి వంటింట్లో ఓ మూల పడి ఉండటమే, ఎవరికీ పట్టకుండా.

అమ్మా, కయెంబి ఎక్కనని పేచీ పెట్టిన మెట్లు ఇవేగా, అంటోంది కూతురు ఎల్‌ఫ్రీడ, మొదటి పేజీలో ఫోటో చూస్తూ, అవునే, అవే, హాంబుర్గ్ సభలో ఇది చదివితే ఆడవాళ్ళు పడీ పడీ నవ్వారు, మా పనిమనిషి సింహానికి జడవదు గాని మూడు మెట్లకి జడుస్తుంది, ఎంత కసిరినా ఇల్లు చుట్టి వెనక గుమ్మంలోంచే వస్తుంది, ఆ నవ్వులతోనే పేరొచ్చింది, ఆ పేరు చూసే మంత్రిత్వ శాఖ కబురు పెట్టింది, మన సైన్యం ఆక్రమించిన పోలండు పొలాల గురించి రాయమని, రాసింది, ఆ నేల ఖాళీగా ఉంది, రండి, ఆఫ్రికా పుస్తకంలోని మొదటి వాక్యమే, దేశం పేరు మార్చిందంతే, కొడుకు యోహెన్ అది నమ్మి వెళ్ళాడు, ఇల్లు బాగుందమ్మా, మేం వచ్చేసరికి పొయ్యి ఇంకా వేడిగానే ఉంది అని ఉత్తరం రాశాడు, ఆ తర్వాత ఉత్తరం రాలేదు, నా తండ్రీ, నిన్ను నేనే పంపాను.

అయినా అమ్మా, మన పొలమంతా ఇసుకేగా, ఈ మెట్ల రాళ్ళెక్కడివి, ఎల్‌ఫ్రీడ వదలదు, ఆ గుణం తండ్రిదే, మీ నాన్నే తెచ్చాడే, తుమ్మచెట్టు కింద కుప్పగా పేర్చి ఉంటే, చెట్టుకి ఎద్దు పుర్రెలు వేలాడేవి కొమ్ములతో సహా, వేటగాళ్ళెవరో వదిలేశారనుకుని వాటినీ వరండాకి కొట్టాడు, ఫోటోలో తన నెత్తిమీద ఉన్నవి అవే, హెరెరోలు, అదే కయెంబి వాళ్ళు, సమాధి మీద రాళ్ళు పేరుస్తారని, చచ్చినవాడి ఎద్దుల పుర్రెలు చెట్టుకి కడతారని ఎవరో చెప్పారు తర్వాత, ఎవరో ఏమిటి, కయెంబే, చీపురు పట్టుకుని, నేల చూపులు చూస్తూ, దొరసానమ్మా, అది మా అయ్యేనమ్మా, మా అయ్య మీద కాలెట్టలేను, చుట్టూ తిరిగొస్తా, కోప్పడకు.

పుస్తకంలో ఆ మాటేదీ, అధ్యాయం చివర చూసింది, ఎందుకే భయం అంటే చెప్పదు, నవ్వేస్తుంది, అని ఉంది, నవ్వలేదు కయెంబి, ఒక్కనాడూ నవ్వలేదు, రేపు వాళ్ళకి చూపించాల్సిన ప్రేమ ఇదే, నీళ్ళు కాగుతున్నాయి, ఇంకో కాగితం వెయ్యమ్మా అంటోంది ఎల్‌ఫ్రీడ, తెలియక రాసిందని అందామంటే అదీ కుదరదు, చిత్తుప్రతిలో ఉంది ఆ మాట, మా అయ్య మీద కాలెట్టలేను, ఉన్నదున్నట్టు రాసింది, రాసి, ఆ నేల ఖాళీగా ఉంది అన్న మొదటి వాక్యాన్ని మళ్ళీ చదువుకుంది, రెండూ ఒకే పుస్తకంలో ఇమడవని ఆనాడే అర్థమైంది, అర్థమయ్యే, తన చేత్తోనే, కయెంబి మాట కొట్టేసింది.