నీలిగుడ్డ మీద తెల్లమరక

"ఆపండి! ఎవరూ దేన్నీ ముట్టుకోవద్దు."

నర్సు డొలోరెస్ అరుపుకి ఆపరేషన్ గది బిగుసుకుపోయింది. మిసెస్ ఓడెల్ మత్తులో ఉంది. విరిగిన తుంటి ఎముక కోసం కోత పెట్టి తెరిచి ఉంచారు. బిగించాల్సిన స్టీలు ప్లేటు పక్కబల్ల మీద, క్రిములు లేకుండా శుద్ధి చేసిన నీలిగుడ్డ పైన ఉంది. దాని పక్కనే వేలెడు తెల్లమరక.

"ఏదో క్రీములా ఉంది," అంది డొలోరెస్. "నేను స్క్రూలు తియ్యడానికి అటు తిరిగాను. ఈలోగా ఎవరో చెయ్యి పెట్టారు."

డాక్టర్ విట్‌కూమ్ నా వైపు తిరిగాడు.

"ఇంకెవరు, మన నీడపిల్లే. టెస్, నీలం కనిపిస్తే దూరంగా ఉండమని మొదటిరోజే చెప్పానా, లేదా?"

"నేను గోడ దగ్గర్నుంచి కదల్లేదు, డాక్టర్."

"దొరికినవాళ్లంతా అదే అంటారు."

మెడికల్ స్కూల్లో సీటు కావాలంటే కాలేజీ రోజుల్లోనే డాక్టర్ల వెంట నీడలా తిరగాలి. ఎవరి వెంట అన్నది మన ఇష్టం. మా వీధి చివర ఫ్యామిలీ డాక్టరు రమ్మని రెండుసార్లు పిలిచింది. కాలేజీలో దారి చూపే ఫెనిమోర్ గారు ఆ మాట విని పగలబడి నవ్వారు. "దగ్గులూ తుమ్ములూ చూసొచ్చానని ఇంటర్వ్యూలో చెప్తావా? విట్‌కూమ్‌ని పట్టుకో. ఆయన సిఫారసు చేస్తే ఒహాయో రాష్ట్రంలో ఏ మెడికల్ స్కూలు తలుపైనా తెరుచుకుంటుంది."

పట్టుకున్నాను. వేసవంతా ఆయన కాఫీ కప్పు కూడా నేనే మోశాను.

"గుడ్డ అంచుకి చెయ్యి తగిలుంటుంది, అంతే," అన్నాడు విట్‌కూమ్. "గుడ్డ మార్చు. ప్లేటు బాగానే ఉంది, బిగించేద్దాం."

"ప్లేటుని కూడా ముట్టుకునుంటే? లోపల చీము పడితే ఈవిడ మళ్లీ నడవదు డాక్టర్."

"ఈ సైజుది ఇంకోటి ఊరవతలి ఆసుపత్రి నుంచి రావాలి. అందాకా ముసలావిణ్ణి కోసి పడుకోబెడదామా?"

డొలోరెస్ నా వైపు తిరిగింది. నన్నే అడిగింది. "అమ్మాయ్, తిట్టడానికి కాదు. గుడ్డకే తగిలిందా, ప్లేటుకి కూడానా?"

విట్‌కూమ్ గొంతు మెత్తబడింది. "గుడ్డకేనని చెప్పు తల్లీ. కొత్తలో అందరూ చేసే పొరపాటే. నిన్నెవరూ ఉరి తియ్యరు. సోమవారం నీ సిఫారసు సంగతి నేను చూసుకుంటాను."

ఆయన కళ్లద్దాల మధ్య, ముక్కు మీద తెల్లటి గీత మెరుస్తోంది. పొద్దున్నే గోల్ఫ్ ఆడి తిన్నగా ఇక్కడికొచ్చాడు. ఎండకి రాసుకున్న క్రీము ఇంకా ముఖాన ఉంది. ఇందాక డొలోరెస్ అటు తిరిగినప్పుడు, అద్దాలు జారితే గ్లౌజు వేలితో పైకి తోసుకున్నాడు. ఆ చేత్తోనే ప్లేటు ఎత్తి చూసి, మళ్లీ పెట్టాడు. నేను నోరు తెరిచేలోగా డొలోరెస్ అరిచింది.

ఇప్పుడు నేను తలూపితే నా సీటు నాకుంటుంది. ఆ ప్లేటు మిసెస్ ఓడెల్ ఒంట్లోకి వెళ్తుంది.

మత్తు ఇవ్వకముందు ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. "నువ్వూ డాక్టరువేనా, బంగారం?"

"ఇంకా కాదండీ. ఊరికే చూడ్డానికొచ్చాను."

"అయితే సరిగ్గా చూడు. మిగతావాళ్లకి తీరికుండదు."

"టెస్," అన్నాడు విట్‌కూమ్. "గుడ్డకే కదూ?"

ఒహాయోలో తలుపులన్నీ ఒక్కసారే మూసుకోవడం, పెద్ద చప్పుడేమీ కాకపోవడం నాకు తెలుస్తూనే ఉంది.

"ప్లేటుకి కూడా," అన్నాను.

"చూశావా? ఒప్పుకుంది!"

"చెయ్యి నాది కాదు."

డొలోరెస్ నా ముందుకొచ్చి నిలబడింది. "మరెవరిది?"

"డాక్టర్ విట్‌కూమ్‌ది."